ఎడమ బ్రాకెట్

రాయి ఎక్కేటప్పుడు మా బండి నత్తకన్నా నెమ్మది.
ఇంత ఇంజను పెట్టి, ఇంత డబ్బు పోసి
గంటకు ముప్పై గజాలా అని నవ్వేవాళ్లుంటారు.
నవ్వనీ.
నేను దాని ముందు వెనక్కి నడుస్తూ
చేతులతో మాట్లాడతాను.
బొటనవేలు ఎటు తిప్పితే అటు,
పిడికిలి బిగిస్తే ఆగిపో,
వేళ్లు ఆడిస్తే ఊపిరంత బరువు పెడలు మీద, అంతే.
స్టీరింగు వెనక లియాండర్,
మా చిన్నమ్మ కొడుకు, అంటే తమ్ముడే,
నా చేతుల్ని తప్ప మరేదీ చూడకూడదు.

తొమ్మిదేళ్ల కిందట ఇది బండి కాదు,
గొర్రెల దొడ్డి పక్క షెడ్డులో
నేల మీద సుద్దగీత.
ముందు యాక్సిల్ మిలిటరీ వేలంలో దొరికింది.
ఇంజను, బోల్తాపడ్డ బ్రెడ్ల వ్యానుది.
మొదటి నెలంతా పొగలో ఈస్టు వాసనొచ్చేదని
లియాండర్ ఇప్పటికీ ఒట్టేస్తాడు.
సీట్లు ఎవరివో అడక్కండి.
ట్యూబులు మాత్రం కొత్తవి కొన్నాం.
నూనె బావుల దగ్గర పైపులు అతికి బతికేదాన్ని,
యార్డులో పాత పైపు గుట్టలుగా పడుండేది.
"ఇదే వాడెయ్యొచ్చుగా అల్వీనా" అన్నారందరూ.
నీళ్లు మోసే పైపు వేరు,
బండి తలకిందులైన రోజున తల కాచే పైపు వేరు.

బుష్షులు రూబెన్ కింటానా లేతు మీద తిప్పి ఇచ్చాడు.
వెంట్రుకవాసి తేడా వచ్చిందని రెండుసార్లు పారేశాడు.
డబ్బివ్వబోతే కోపం.
కాల్చిన పచ్చిమిరపకాయల సంచీ ఇస్తే
కిక్కురుమనకుండా తీసుకున్నాడు.

ఏటా ఏదో ఒకటి విరిగేది.
విరిగినచోట ఇంకాస్త లావుది వేసేవాళ్లం.
అప్పుడు దాని పక్కది విరిగేది.

ఈ అక్టోబరులో, ఎర్రరాతి మెట్టు మీద
నా పిడికిలి ఆగమంది.
అతని కాలు ఇంకొంచెం అంది.
తుపాకీ పేలినట్టేం కాదు,
చెంచా కిందపడ్డంత చప్పుడు.
వెనక యాక్సిల్ మొత్తం పక్కకి జరిగిపోయింది.

కిందికి దూరాను.
లింకు, బ్రాకెట్‌తో సహా ఊడి వేలాడుతోంది.
ఎవరి దస్తూరి వాళ్లకు తెలీదా.
చేప పొలుసుల్లా వరస తప్పని అలలు,
ఆ రోజు ఫోటో కూడా తీసుకున్నాను.
కింద ఇనుము కరగనే లేదు.
వెల్డు దానిమీద పడుకుంది, అంతే,
మంచం మీద దుప్పటిలా.

"తప్పు నా కాలిదే" అన్నాడు పైనుంచి లియాండర్.
రెండు నిమిషాలు ఆ తప్పు అతని దగ్గరే ఉండనిచ్చాను.
అబద్ధమెందుకు, మూడు.

మూడు బళ్ల బ్యాటరీలు విప్పి వరసగా కలిపాం.
గాలికి అడ్డంగా కోట్లు పట్టుకోమని పిల్లల్ని నిలబెట్టి
వెలుగు వైపు చూడొద్దు, మొహాలు అటు తిప్పమన్నాను.
రాడ్డు అతుక్కుపోయింది. పీకాను. మళ్లీ.
బొట్లు మెడ మీద పడుతున్నాయి.
ఎవరి బండిలోనో రేడియో
మా భాషలో రోడియో ఫలితాలు చదువుతోంది.
చివరికి తేలింది వెల్డా అది, పిట్టరెట్ట.
దానిమీదే మూడు మైళ్లు, చీకట్లో.

దారిలో చెప్పాను:
"నీ కాలు కాదు. నా వెల్డు."
"తెలుసు" అన్నాడు. "అలలు చూశాగా."
అంతకుమించి ఏమీ అనలేదు.
గుంతల దగ్గర మాత్రం
ఇంకొంచెం నెమ్మదిగా దింపాడు.

దారిలో వేసినది దారివరకే.
శనివారం షెడ్డులో దాన్ని అడ్డంగా కోశాను.
పిట్టరెట్ట కింద
ఈ ఇనుమేదో ఆ ఇనుమేదో తెలీలేదు,
గీత కోసం దీపం పెట్టి వెతికాను.

కుడి బ్రాకెట్ చెక్కుచెదరలేదు.
ఎంత అందంగా ఉందో.
అదీ ఆ రోజే, ఈ చేత్తోనే వేసింది.
గ్రైండరుకి కొత్త డిస్కు బిగించాను.